నిగమశర్మోపాఖ్యానమున ఆయతివిచారము

తెనాలి రామకృష్ణకవి రచించిన పాండురంగమాహాత్మ్యము అయిదాశ్వాసముల ప్రబంధము. అందు మూఁడవ యాశ్వాసములోని నిగమశర్మోపాఖ్యానమును జదువని తెలుఁగు పండితుఁ డుండఁడు. చదివినవారిలోఁ బెక్కురకు జ్ఞప్తియందు నిలుచునవి రెండు. ఒకటి, అక్క తమ్మునికిఁ జెప్పిన హితము. రెండవది, ఆ హితమును వినినవాఁడే యా యక్క ముక్కరను దొంగిలించుకొని పోవుట. మొదటిదానిని నీతిగాను, రెండవదానిని హాస్యముగాను జెప్పి పాఠమును ముగించుట పాఠశాలలలో వాడుక. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 'నిగమశర్మ అక్క' యను వ్యాసమున, కవి పేరైనను బెట్టని యా గృహిణిని దెలుఁగు సాహిత్యమునఁ బ్రత్యేకపాత్రగా నిలిపిరి. ఆ వ్యాసము తరువాత నామె స్వభావమును గూర్చి క్రొత్తగాఁ జెప్పవలసినది స్వల్పము. కాని యామె మాట యేల ఫలింపలేదను ప్రశ్న మిగిలియే యున్నది. వినినవాఁడు దుష్టుఁడు గనుక ఫలింపలేదనుట సమాధానము గాదు. అదియే కారణమైనచోఁ గవి యంత శ్రద్ధతో నామెచేతఁ బలికింప నక్కఱలేదు. దుష్టుని యెదుట నెవరెట్లు మాటాడినను నొక్కటియే గదా!

ఒక పనికిఁ బూనుకొనుటకు ముందు దాని రాఁబోవు ఫలమునుఁ దూఁచి చూచుట యనఁగా నేమి? అది యెవరు చేయవలసినది? ఎంతవఱకుఁ జేయఁగలది? ఈ యుపాఖ్యానమున నట్లు తూఁచి చూచినవారు ఇద్దఱు, అక్కయుఁ దమ్ముఁడును. తమ్ముఁడు ఆలోచన లేనివాఁడను వాడుకమాట గ్రంథమునకు విరుద్ధము. ఇద్దఱును ఆలోచించిరి. ఇద్దఱి యాలోచనయు నొక్క యంగముననే కొఱవడినది. అయితే యా కొఱఁత యిద్దఱియందును ఒక్క కారణమునఁ బుట్టినది గాదు. ఈ భేదమును గుర్తింపనంతవఱకు నుపాఖ్యానము యొక్క బరువు తెలియదు.

ముందుగా మాటలను జూడవలెను. అమరసింహుఁడు నాలుగు పదములను జంటలుగాఁ గూర్చినాఁడు. అప్పటి కాలము తదాత్వము, మీఁది కాలము ఆయతి. వెంటనే కనఁబడు ఫలము సాందృష్టికము, తరువాత వచ్చు ఫలము ఉదర్కము. ఈ నాలుగును బ్రహ్మవర్గమునఁ గాక క్షత్రియవర్గమునఁ జేరుట గమనింపఁదగినది. రాజులు, అమాత్యులు, సంధివిగ్రహములు చెప్పుచోట నివి వచ్చినవి. అనఁగా ఆయతిని విచారించుట రాజునకును మంత్రులకును జెందిన పని యని పూర్వుల వ్యవహారము. సామాన్యగృహస్థునకు విధినిషేధములే చాలునని తాత్పర్యము కాఁబోలు. రామకృష్ణకవి చేసిన మార్పు ఇచ్చటనే యున్నది. మంత్రశాలలో జరుగవలసిన విచారమును ఒక బ్రాహ్మణుని వంటయింటికిఁ దెచ్చి, రాజు చోట నొక తిరుగుఁబోతును, మంత్రి చోట నొక యాడుపడుచును నిలిపినాఁడు.

ఇఁక ఆయతిశబ్దము యొక్క నిష్పత్తి. ఆఙ్‌పూర్వకమగు యమధాతువునకు క్తిన్ ప్రత్యయము రాఁగా నీ రూప మేర్పడును. ప్రత్యయములోని కకారనకారములు రెండును ఇత్సంజ్ఞకములై లోపించును. నకారము స్వరార్థము. కకారమో, సిద్ధరూపమున నెచ్చటను గానరాకున్నను, తన సంబంధమువలననే ధాతువులోని మకారమును లోపింపఁజేసినది. ఇట్టి యక్షరములను బాణిని ఇత్తులనెను, వార్తికభాష్యకారులు అనుబంధములనిరి. లోకమున ననుబంధమనఁగాఁ బనివెంట వచ్చు పర్యవసానము. అనుబంధమును, క్షయమును, హింసను, తన పౌరుషమును జూడక మోహముచేతఁ దొడఁగిన కర్మము తామసమని గీత పదునెనిమిదవ యధ్యాయమునఁ జెప్పఁబడినది. శాస్త్రమునఁ దాను గనఁబడకయే కార్యమును జేయునది, లోకమున మొదటఁ గనఁబడక పిదపఁ గార్యమును జూపునది, రెంటికి నొకే పేరు. ఇది కాకతాళీయమే కావచ్చును. అయినను వ్యాకరణము చదివినవానికి, పోవుచుఁ బోవుచుఁ దనతోఁ గూడ మకారమును గొనిపోయిన యీ కకారము నిగమశర్మకథలో నొకచోట జ్ఞప్తికి రాకపోదు.

తెనాలియందును జుట్టుపట్ల గ్రామములందును రామలింగనిఁ గూర్చి చెప్పుకొను కథల తీరు వేఱు. కాళి ప్రత్యక్షమై రెండు గిన్నెలను జూపి, ఒకదాన విద్యయు నొకదాన ధనమును గలవు, ఒకటి కోరుకొమ్మనఁగా, రుచి చూడక యెట్లు కోరుకొందునని రెంటిని గైకొని రెంటిని ద్రాగెనఁట! కోరుకొనుట యనఁగా నొకదానిని విడుచుట. విడువకయే కోరుకొన్నవాని నేర్పు లోకమునకు నవ్వు తెప్పించినది, అందఱి లోపలి యాశయు నదియే కనుక. రాజాగ్రహమునకు గుఱియై దానిని దప్పించుకొను కథలన్నియు నీ యచ్చునఁ బోసినవే. ముందు సాహసము, పిదప యుక్తి. ఆ రామలింగనికి ఉదర్కభయము లేదు. పాండురంగమాహాత్మ్యకర్తకుఁ గలదు. ఉద్భటారాధ్యచరిత్రము వ్రాసిన రామలింగకవియు నీ రామకృష్ణకవియు నొక్కఁడేనా యను వివాదమున కిచ్చటఁ దావు లేదు. కథలలోని వికటకవికిని గ్రంథములలోని కవికిని గల దూరము మాత్రము నిగమశర్మనుఁ జూచినచోఁ దెలియును. నిగమశర్మయు రెండు గిన్నెలను ద్రాగఁబోయినవాఁడే. ఇల్లును గావలెను, వీథియుఁ గావలెను. కాని యిచ్చటఁ గాళి నవ్వి వరమిచ్చుట లేదు.

కథ యందఱు నెఱిఁగినదే. పీఠికాపురమున సభాపతి యను బ్రాహ్మణునికి నిగమశర్మ కుమారుఁడు. చదువు లేనివాఁడు గాఁడు. దుస్సాంగత్యమున వేశ్యాలోలుఁడై పిత్రార్జితమును గరఁగించెను. పుట్టినింటి స్థితి విని అక్క భర్తతోడను బిడ్డలతోడను వచ్చినది. వచ్చినవెంటనే మందలింపలేదు. తమ్మునికి నుపచారములు చేసి, భోజనము పెట్టి, వాఁడు సేదదీఱిన తరువాతఁ జల్లగా మాట సాఁగించినది. ఇందలి లోకజ్ఞత నందఱును బొగడిరి. ఆ మాటలలోని ఫలవిచారమును విడఁదీసి చూచినవారు మాత్ర మరుదు.

ఆమె యెత్తి చూపిన హానులలో ముఖ్యములైనవి యెవరివి? ముదిసిన తలిదండ్రుల దుఃఖము, వయసులోనున్న యిల్లాలి గతి, వంశమునకు వచ్చిన పేరు, చదివిన చదువు చెడుట. ఇవి యన్నియు నుదర్కములే, సత్యములే. కాని వీనిలోఁ బెక్కింటి బరువు ఇతరుల నెత్తిమీఁదఁ బడునది. నిగమశర్మ త్రాసులో నొకవైపున నున్నది తన సుఖము, అదియు నేఁటిది. అక్క రెండవవైపునఁ బెట్టినవి పరుల దుఃఖములు, అవియు ఱేపటివి. కాలముచేత నొక దూరము, మనుష్యులచేత నింకొక దూరము. రెండు దూరములును దాఁటి వచ్చిన బరువు త్రాసునకుఁ దెలియదు. అక్క తర్కమునఁ దప్పు లేదు. తనకు బరువైనది తమ్మునికిని బరువే యని యామె నమ్మినది. తలిదండ్రుల స్థానమునను మఱదలి స్థానమునను నిలిచి చూచుట యామెకు సహజము గనుక, అట్లు నిలువలేనివాఁ డొకఁ డుండునని యామెకుఁ దోఁపలేదు. హితము చెప్పువారు తఱచుగా నిచ్చటనే యోడిపోవుదురు.

ఆ మాటలకు నిగమశర్మ యెదురాడలేదు. కొన్నాళ్ళు ఇంటిపట్టున మెలఁగి, మాఱినట్లు కనఁబడి, అందఱును నమ్మిన పిదప నొక రాత్రి నగలును సొమ్మును మూటగట్టుకొని పోయెను. ఈ కొన్నాళ్ళ యెడమును బాఠకులు తఱచుగా దాఁటిపోవుదురు. ఆవేశముచేతఁ జేయు దొంగతనమైనచో నా రాత్రియే చేసియుండును. ఎవరి సొమ్మెచ్చట నున్నదో, ఎవరెప్పుడు నిద్రింతురో తెలిసికొనుటకును, తనపైఁ గల యనుమానము కరఁగుటకును బట్టిన కాలమది. ఇది యసమీక్ష్యకారి చేయు పని గాదు. సమీక్షించి, సమయమునకుఁ గాచికొని చేసినది. కాఁబట్టి 'ఆలోచింపక చేసిన పని చెఱుచును' అను నీతికి నిగమశర్మను దృష్టాంతముగాఁ జూపు బోధకులు గ్రంథమును సరిగాఁ జూడలేదనవలెను.

అయిన నా యాలోచనలోఁ గొఱవడిన దేమి? కౌటిల్యుని యర్థశాస్త్రము 1909వ సంవత్సరమున మైసూరునందు శ్యామశాస్త్రిగారి పరిష్కరణమున నచ్చువడినది. దాని మొదటి యధికరణములోని మంత్రాధికారమను ప్రకరణమున, మంత్రమునకు నయిదంగములు చెప్పఁబడినవి. పని నారంభించు నుపాయము, పురుషద్రవ్యసంపత్తు, దేశకాలవిభాగము, వినిపాతప్రతీకారము, కార్యసిద్ధి. వీనిలో నాలవది యీ సందర్భమున ముఖ్యము. వినిపాత మనఁగా మీఁదఁ బడు నాపద. పని చెడినను, లేక యా పనియే వేఱొక చెఱుపును దెచ్చినను, దానికి మందు ముందే సిద్ధముగా నుంచుకొనుట ప్రతీకారము. తక్కిన నాలుగంగములను ఆశ గలవాఁ డెవఁడైనను జూచుకొనును. దీనిని మాత్రము ఆశను గాసేపు ప్రక్కఁ బెట్టఁగలవాఁడే చూచును. నిగమశర్మకు నుపాయము గలదు. ద్రవ్యము చేతికి వచ్చినది. దేశకాలములును గుదిరినవి. కార్యమును సిద్ధించినది. మూటతో నడవిత్రోవఁ బోవు నొంటిగానికి నేమి సంభవించునను విచారము లేదు. దొంగలు వానిని గొట్టి సర్వమును లాగికొనిరి.

పంచతంత్రము మొదటి తంత్రములోని కొంగ కథ యిదియే. తన పిల్లలను దిను పామును జంపించుటకు ముంగిస కలుఁగునుండి పాము పుట్టవఱకుఁ జేఁపముక్కలను వరుసగాఁ బఱచినది. ముంగిస వచ్చినది, పామును జంపినది, పిదప నా చెట్టుమీఁది కొంగపిల్లలను దినినది. ఉపాయము నెఱవేఱినది, అదియే యపాయమైనది. కొంగ బుద్ధిహీనము గాదు. చేఁపముక్కలను బేర్చుటకుఁ గావలసిన బుద్ధి దానికిఁ గలదు. ముంగిస యాఁకలి పాముతోఁ దీఱునా యని యడుగవలసిన బుద్ధి వేఱు.

ఇఁక అక్క విషయము. ఆమె పుట్టినింటికి వచ్చుటయే యొక సాహసము. ఇంటిలోని సొమ్మును గరఁగించుచున్నవాని చేరువకు, ఒంటినిండ నగలతోడను, బిడ్డలతోడను, భర్తతోడను వచ్చినది. అయిదంగములతోఁ జూచినచో నుపాయము మంచిది, కాలము మంచిది, మాట యంతకంటె మంచిది. వినిపాతప్రతీకారము లేదు. తమ్ముఁడు వినఁడేమో యని యామె యెఱుఁగకపోలేదు. విననిచో నెప్పటివలెఁ దిరుగును, అంతియే యనుకొన్నది. వినినట్లు నటించి తన్నే దోఁచునని తలఁపలేదు. తెల్లవాఱిన తరువాత నొక్కొక్కరు తమతమ పోయిన వస్తువులను జెప్పుకొని యేడ్చునపుడు, అక్క తన క్రొత్త ముక్కరకై యేడ్చినది.

ఈ యేడ్పు విమర్శకులకుఁ జిక్కు తెచ్చినది. అంత యుదాత్తముగా మాటాడిన యామె ముక్కరకై యేడ్చుట పాత్రకుఁ గొఱఁత గాదా యని కొందఱు శంకింతురు. స్త్రీస్వభావమని కొందఱు నవ్వి యూరకుందురు. రెండును జాలవు. తమ్ముఁడు చెడిపోవుట యామెకుఁ గ్రొత్త గాదు. ఆ దుఃఖమునుఁ దూఁచికొనియే, దానికి మనస్సును సిద్ధపఱచుకొనియే యామె బయలుదేఱినది. ముక్కర యామె తూఁపులోనికి రానిది. లెక్కకు వచ్చిన నష్టమెంత పెద్దదైనను గొంతవఱకు నోర్వవచ్చును. లెక్కకు రానిది చిన్నదైనను దిగ్గున నేడిపించును. కనఁబడకపోయిన కకారము వెంటఁ బోయిన మకారము వంటిది యా ముక్కర. కవి దీనిని హాస్యముగా వ్రాసినమాట నిజమే. ఆ హాస్యమునకు మూలమైన మనోధర్మమును మాత్ర మాతఁడు తప్పుగా వ్రాయలేదు.

అయినచో నక్కయు నవివేకియే యని తేల్చవచ్చునా? ఇచ్చట నించుక నిలువవలెను. ఆమె వినిపాతమునకుఁ బ్రతీకారము చేసియున్నచో నేమి చేసియుండును? వచ్చిన నాఁడే నగలను దీసి పెట్టెలో దాఁచి, తాళము వేసి, తాళపుఁజెవిని గొంగునఁ గట్టుకొని, రాత్రి మేలుకొని యుండుమని భర్తకుఁ జెప్పి, ఆ పిదపఁ దమ్మునికడఁ గూర్చుండి 'నీవు మావాఁడవు' అని యుండవలెను. తాళపు సద్దును వినినవాఁడు ఆ మాటను నమ్మునా? ఆమె చేతిలోని యుపాయ మొక్కటియే, నమ్మకము. నమ్మినట్లు నడచుకొననివారు నమ్మకమును బుట్టింపలేరు. కాఁబట్టి యిచ్చటఁ బ్రతీకారమే కార్యవిఘాతకము. కౌటిల్యుఁడు రాజునకు వ్రాసెను. అమాత్యులను ఉపధలచేతఁ బరీక్షింపుమని యా గ్రంథమే విధించినది. తోఁబుట్టువును ఉపధచేతఁ బరీక్షించు నక్క యక్క గాదు. నిగమశర్మకు వినిపాతవిచారము లేకపోవుటకు లోభము కారణము. అక్కకు లేకపోవుటకు స్నేహము కారణము. మొదటివాఁడు చూడఁదగియుండియుఁ జూడలేదు. ఆమె చూచినచోఁ దాను వచ్చిన పనియే చెడును. సాహసములలో నిట్టి దొక జాతి గలదు. రక్షణ నుంచుకొనినంతనే యవి నిష్ఫలములగును. నీతిశాస్త్రకారు లీ జాతిని వేఱుచేసి చెప్పలేదు. కవి కథగాఁ జూపినాఁడు.

నష్ట మిందువలనఁ దగ్గలేదు. కవి యామెయందుఁ బక్షపాతముచే ముక్కరను మరలఁ దెప్పింపలేదు.

సాహసముగాఁ బని చేయరాదను నర్థము వచ్చిన శ్లోకములలో భారవిదే ప్రసిద్ధము. కిరాతార్జునీయము రెండవ సర్గమున యుధిష్ఠిరుఁడు భీమునితోఁ జెప్పినది. దానిఁ గూర్చి పండితు లొక కథ చెప్పుదురు. ఒక వర్తకుఁ డా శ్లోకమును గొని, యింటఁ గట్టించి, దేశాంతరము పోయి, పెక్కేండ్లకు రాత్రివేళ మరలి వచ్చి, భార్యచెంత నొక యువకుఁడు నిద్రించుటఁ జూచి కత్తి యెత్తెను. ఆ కత్తి శ్లోకమున్న పలకకుఁ దగిలి యాఁగెను. అంతలో నా యువకుఁడు తన కుమారుఁడేయని తెలిసెను. ఈ కథ పలువిధములఁ జెప్పఁబడుచున్నది. శ్లోకమహిమకై చెప్పుదురు గాని, కథలో మొదటఁ గత్తి నాఁపినది శ్లోకార్థము గాదు, పలక. ఆ వర్తకునికి శ్లోకము ముందే వచ్చును, సొమ్మిచ్చి కొన్నదే. కోపము వచ్చిన క్షణమున నది మనస్సులో లేదు, గోడమీఁద నున్నది. తూఁచి చూచుటకుఁ గావలసినది మొదట జ్ఞానము గాదు, ఒక క్షణకాలపు టడ్డంకి యని యా కథ కట్టినవారికిఁ దెలియును. మఱియు నా శ్లోకమును జెప్పినది యెవరు? జూదమునఁ దమ్ములను, తన్నును, ద్రౌపదిని నొడ్డినవాఁడు. భారవి యీ వైపరీత్య మెఱుఁగక వ్రాసినాఁడనుట సాహసము. చెప్పుచున్న యతనికి మాట యొక్క వెల తెలియును, చెల్లించినవాఁడు గనుక. నిగమశర్మ యక్క యింకను జెల్లింపలేదు. ఆమె మాటలలో యుధిష్ఠిరుని బరువు లేకపోవుటకును, ఆ మాధుర్య ముండుటకును నిదియే హేతువు.

ఉపాఖ్యానములోని తక్కిన కథ వేగముగా నడచును. దెబ్బలు తిని పడియున్నవాని నొక కాఁపు రక్షించి యింటికిఁ గొనిపోయెను. నిగమశర్మ యా యింటి స్త్రీతోఁ బాఱిపోయెను. ఆమె గతించినది. పిమ్మట నింకొక స్త్రీతో గుడిసెకాఁపురము చేసి బిడ్డలను గనెను. నిప్పంటుకొని గుడిసెయు, భార్యయు, బిడ్డలును భస్మమైరి. పిచ్చివాఁడై తిరిగి తిరిగి పుండరీకక్షేత్రమును జేరి, నృసింహుని సన్నిధిని బ్రాణములు విడిచెను. యమదూతలును విష్ణుదూతలును వాదులాడిరి. విష్ణుదూతలు గెలిచిరి.

ఇచ్చటనే గ్రంథమున కొక పెద్ద యాక్షేపము వచ్చును. ఇంత చేసినవానికిని వైకుంఠమే యైనచో ఆయతివిచార మెందుకు? అక్క చెప్పిన యుదర్కము లన్నియు నసత్యములైనవి గదా? క్షేత్రమాహాత్మ్యములలో నిది పరిపాటియే. పాపమెంత పెద్దదైనఁ గ్షేత్ర మంత పెద్దదగును. ఘటికాచలమాహాత్మ్యమును గూడ వ్రాసిన యీ కవికి నా పరిపాటి కొట్టినపిండి. కాని కథ యెవరిని వదలిపెట్టినదో చూడవలెను. వైకుంఠము నిగమశర్మ కర్మమును లోపింపఁజేసినది. పీఠికాపురములోని యింట జరిగిన దానిని లోపింపఁజేయలేదు. విష్ణుదూతలు విమానముతో వచ్చిరి గాని సభాపతి వాకిటి కెవరును రాలేదు. తలిదండ్రు లేమైరో, ఆ యిల్లాలు కాలమెట్లు గడపెనో, కాఁపు యిల్లేమయ్యెనో కథ చెప్పదు. ఇత్తునకు లోపము వచ్చును. దానిని నిమిత్తముగాఁ జేసికొని జరిగిన కార్యమునకు రాదు. వ్యాకరణమున నిది నియమము. కవి వ్యాకరణమును దలఁచి వ్రాసెనని చెప్పుట గాదు. గ్రంథ మట్లున్నదని మాత్రమే.

కావున వైకుంఠప్రాప్తి అక్క మాటను దిద్దివేయలేదు. ఆమె చెప్పిన హానులు పరులవి. ఆ పరుల హాని నిలిచియే యున్నది. చెడినవానికి మోక్షము దొరకుటయు, చెఱుపఁబడినవారికి నూఱట దొరకకపోవుటయు నొక్క యుపాఖ్యానమున నొకచోటఁ జేరుట, కవి కావలెనని చేసెనో, మాహాత్మ్యపు మూస యట్లు చేయించెనో నిర్ణయించుట కష్టము. మొదటిదే యని యూహించుటకు నొక యాధారము గలదు. క్షేత్రమహిమయే లక్ష్యమైనచోఁ దెల్లవాఱుజామున నా యింటి యేడ్పును అంత సావకాశముగా వర్ణింప నక్కఱలేదు. పాపి చేసిన పాపమునుఁ జెప్పిన చాలును. దోఁపుడుపడినవారి యొక్కొక్క వస్తువును లెక్కింపఁ బని యేమి?

పాఠశాలలలో నీ ఘట్టమును జెప్పు పండితులు సాధారణముగా నడుగు ప్రశ్నలు రెండు. అక్క చేసిన నీతిబోధను వ్రాయుము. పుండరీకక్షేత్రమహిమను వ్రాయుము. విద్యార్థులు రెంటికిని జక్కఁగా నుత్తరములు వ్రాయుదురు. అక్క తన ముక్కరను దీసి దాఁచి, ఆ తరువాత బోధించియున్నచో నేమి యగునని యొక్కసారి యడిగి చూచినఁ దరగతి రెండుగాఁ జీలును. దాఁచవలసినదే యనువారు కొందఱు; దాఁచినచో నిఁక బోధింప నేల యనువారు కొందఱు. అపుడు గ్రంథమును దెఱచి, కవి యే పక్షమునకు సాక్ష్యమిచ్చుచున్నాఁడో పద్యము పద్యముగా వెదకింపవచ్చును.